గడ్డం కింద స్టిక్కర్ల టెస్ట్ ‘నార్మల్’ అని వస్తే ముక్కు ట్యూబ్ తీసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ నాన్నగారికి 68 ఏళ్లు. మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది, అప్పట్నుంచి ముక్కు ట్యూబ్‌తోనే ఆహారం. మొన్న ఒక సెంటర్‌లో గడ్డం కింద, గొంతు మీద స్టిక్కర్లు అతికించి, చెంచాతో నీళ్లు మింగించి, కంప్యూటర్‌లో గీతలు చూశారు. రిపోర్టులో ‘మింగే కండరాల పనితీరు నార్మల్’ అని రాశారు. పైగా ఈమధ్య పొలమారడం కూడా తగ్గింది. మరి ట్యూబ్ తీసేయొచ్చా, ఎండోస్కోపీ, ఎక్స్‌రే లాంటివి ఇక అక్కర్లేదా, ఆ స్టిక్కర్లలోంచి పోయే కరెంట్‌తో ప్రమాదం ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆ ఒక్క రిపోర్టు చూసి ట్యూబ్ తీయకండి. ఆ టెస్ట్ మంచిదే, నేనూ వాడతాను. కానీ నీళ్లు అన్నవాహికలోకి వెళ్లాయా, ఊపిరితిత్తుల్లోకి జారాయా అన్నది ఆ టెస్ట్ చూడలేదు. ట్యూబ్ విషయంలో మీకు కావలసింది సరిగ్గా ఆ జవాబే. కరెంట్ గురించి భయం దాదాపు అక్కర్లేదు, దాని సంగతి కింద చెబుతాను.

నేను స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుని. పేరు చూసి మాటల డాక్టర్ అనుకుంటారు గానీ, నా రోజులో సగానికి పైగా మింగలేని వాళ్లతోనే గడుస్తుంది. పదహారేళ్లుగా ఇదే పని, అందులో తొమ్మిదేళ్లుగా ఈ స్టిక్కర్ల మెషీన్ నా గదిలో ఉంది. దాని మీద నాకు కోపమేమీ లేదు. దాని రిపోర్టుల్లో ‘నార్మల్’ అనే మాట రాసేవాళ్ల మీదే కాస్త ఉంది.

కొన్నేళ్ల కిందట ప్రకాశం జిల్లా నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చేవారు. ఆయనకూ పక్షవాతమే. స్క్రీన్ మీద గీత ఎందుకు లేస్తోందో, అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో నేను పావుగంట వివరించాను. అంతా విని, గరగరమంటున్న గొంతుతో, ‘అంటే అమ్మా, ఇది మన బోరు స్టార్టరు డబ్బా మీద ముల్లు లాంటిదన్నమాట’ అన్నారు. ఆ రోజు నుంచి నేను అందరికీ ఆ పోలికే చెబుతున్నాను. మోటారు ఆన్ చేస్తే డబ్బా మీద ఆంపియర్ ముల్లు లేస్తుంది. మోటారు తిరుగుతోందని, ఎంత లోడు తీసుకుంటోందని తెలుస్తుంది. నీళ్లు మన చేలోకి వెళ్తున్నాయో, పైపు పగిలి పక్కవాళ్ల చేలోకి పోతున్నాయో ఆ ముల్లుకు తెలియదు. అది తెలియాలంటే గట్టు మీద నడిచి వెళ్లి చూడాల్సిందే.

మింగడం విషయంలో గట్టు మీద నడిచి వెళ్లి చూసే దారులు రెండున్నాయి. ఒకటి ఫీస్ (FEES): ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టాన్ని గొంతు పైభాగం దాకా దించి, రంగు కలిపిన నీళ్లు, పెరుగు, అన్నం మింగిస్తూ పైనుంచి చూడటం. 1988లో సుసాన్ లాంగ్‌మోర్ బృందం దీన్ని వివరించిన దగ్గర్నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. రెండోది వీడియోఫ్లోరోస్కోపీ: బేరియం కలిపిన ఆహారం మింగుతుండగా పక్కనుంచి ఎక్స్‌రే వీడియో తీయడం. వీటికీ లోపాలున్నాయి. ఫీస్‌లో సరిగ్గా గుటక పడే క్షణానికి స్క్రీన్ మొత్తం తెల్లబడిపోతుంది, ముందూ వెనకా మాత్రమే కనిపిస్తుంది. ఎక్స్‌రేలో రేడియేషన్ ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ తీయలేం. అయినా దారి తప్పిన చుక్కను కంటితో చూపించేవి ఈ రెండే.

ఇంతకీ ఆ స్టిక్కర్లు ఏం వింటున్నాయి?

మీ వేలు గొంతుముడి మీద పెట్టుకుని ఒక గుటక వేయండి. ఆ ముడి పైకి లేచి, కొంచెం ముందుకు జరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. దాన్ని పైకి లాగే కండరాల్లో చాలావరకు గడ్డం కింద మెత్తగా ఉండే చోట ఉంటాయి. కండరం బిగుసుకున్నప్పుడు అతి చిన్న విద్యుత్తు పుడుతుంది, పదుల మైక్రోవోల్టుల నుంచి వందల మైక్రోవోల్టుల దాకా. ఎంత చిన్నదంటే, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు, అంటే 15 లక్షల మైక్రోవోల్టులు. చర్మం మీద అతికించిన స్టిక్కర్లు ఆ గుసగుసను పట్టి, పెద్దది చేసి, గీతగా చూపిస్తాయి. గుండెకు ఈసీజీ ఎలాగో కండరానికి ఇది అలాగ. పేరు సర్ఫేస్ ఈఎంజీ.

గుటకలో గొంతు భాగం మొత్తం సుమారు ఒక సెకనులో అయిపోతుంది. ఆ సెకనులో నాలుక వెనక్కి తోయాలి, కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి ముక్కు దారిని మూయాలి, గొంతుముడి పైకి లేవాలి, ఊపిరి ఆగాలి, స్వరతంత్రులు దగ్గరికి రావాలి, ఎపిగ్లాటిస్ అనే మూత వాలాలి, అన్నవాహిక ముఖద్వారం దగ్గర ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం వదులై దారి ఇవ్వాలి. స్టిక్కర్లకు దొరికేది ఇందులో పైకి లాగే పని ఒక్కటే. మిగతావన్నీ లోతుగా ఉన్నాయి. ఆ ముఖద్వారం కండరాన్ని వినాలంటే సూది గుచ్చాలి, అప్పుడది ఇక సుఖమైన టెస్ట్ కాదు.

అందుకే ఈ టెస్ట్ నమ్మకంగా చెప్పగలిగినవి కొన్నే: గుటక ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, ఒక నోటెడు నీళ్లకు ఎన్ని గుటకలు పడ్డాయి, నిన్నటితో పోలిస్తే ఇవాళ శ్రమ పెరిగిందా తగ్గిందా. ఇవి చిన్న విషయాలని కాదు. ట్యూబ్ ప్రశ్నకు మాత్రం ఇవి చాలవు.

‘నార్మల్’ అనే మాటతో నాకున్న పేచీ

గీత ఎత్తును బట్టి నార్మల్ అన్నారా, సమయాన్ని బట్టి అన్నారా? ఎత్తును బట్టి అయితే ఆ మాటకు విలువ లేదు. గడ్డం కింద కొవ్వు ఎక్కువుంటే గీత చిన్నదవుతుంది. స్టిక్కరు ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే మారిపోతుంది. చర్మం సరిగ్గా తుడవకపోతే మారుతుంది. మీ గీతను నా గీతతో పోల్చడం, మీ ఇంటి కరెంట్ బిల్లు నా ఇంటి బిల్లుతో పోల్చి ఎవరి ఫ్యాను బాగా తిరుగుతోందో చెప్పినట్టుంటుంది. మనిషిని అతనితోనే పోల్చుకోవాలి.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మెషీన్ చేతికొచ్చిన కొత్తలో, నేను పనిచేసే చోటికి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు, యాభై దాటాయి. మెదడు కాండంలో పక్కభాగానికి రక్తం అందక వచ్చే ఒక రకం పక్షవాతం. చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి, నడిచి వచ్చాడు. స్టిక్కర్లు పెట్టి గుటక వేయమంటే గీతలు స్క్రీన్ అంచు దాకా లేచాయి, నా గీతలకంటే పెద్దవి. ‘కండరాల స్పందన చాలా బాగుంది’ అని రాసి సంతకం కూడా పెట్టాను. ఆ కాగితం చూసిన ఈఎన్‌టీ డాక్టర్ గారు నన్నేమీ అనలేదు. అతని చేతిలో ఉన్న స్టీలు గ్లాసు వైపు చూపించి, ‘మరి ఉమ్ము ఎందుకు మింగడం లేదమ్మా?’ అన్నారు. నిజమే, గదిలోకి వచ్చినప్పటి నుంచి అతను రెండు నిమిషాలకోసారి ఆ గ్లాసులో ఉమ్ముతూనే ఉన్నాడు. నేను స్క్రీన్ చూస్తూ గ్లాసు చూడలేదు.

ఎక్స్‌రే వీడియోలో సంగతి తేలింది. అన్నవాహిక తలుపు తెరుచుకోవడం లేదు. బేరియం అంతా గొంతు పక్క గుంతల్లో నిలిచిపోయి, నిండాక శ్వాసనాళంలోకి పొంగుతోంది. మూసిన తలుపును తోస్తున్నట్టు అతను బలమంతా పెట్టి గుటక వేస్తున్నాడు, అందుకే అంత పెద్ద గీతలు. నేను బలం అనుకున్నది అతని అవస్థ. ఆ కేసు తర్వాత నా రిపోర్టుల్లోంచి నార్మల్, బాగుంది అనే మాటలు తీసేశాను. అంకెలు రాస్తాను, ఏ పరిమాణంతో చేశానో రాస్తాను, ‘ఆహారం దారి తప్పుతోందా అన్నది ఈ పరీక్షలో తెలియదు’ అని చివర ఒక లైను రాస్తాను.

దీనికి తిరగబడ్డ కేసులూ ఉంటాయి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి అడ్డపొగ అలవాటుతో నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు, రేడియేషన్ అయ్యాక వస్తారు. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు అది, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. రేడియేషన్ తర్వాత గొంతు చర్మం తోలులా గట్టిపడుతుంది. అక్కడ గీత చాలా చిన్నదిగా వస్తుంది. కండరం బలహీనంగా ఉందా, గట్టిపడిన చర్మంలోంచి సిగ్నల్ రావడం లేదా? రెండిట్లో ఏదో ఆ గీత చూసి చెప్పలేం.

పొలమారడం తగ్గింది అన్నారు, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది

మనవాళ్లు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి నవ్వేస్తారు. నిజానికి పొలమారడం మన ఒంటి కాపలాదారు. చుక్క నీరు శ్వాసనాళం వైపు జారగానే గొంతులో స్పర్శ పసిగట్టి దగ్గు పుట్టిస్తుంది. పక్షవాతం తర్వాత కొందరిలో ఆ స్పర్శే మొద్దుబారుతుంది. అప్పుడు నీళ్లు లోపలికి జారినా దగ్గు రాదు. దీన్ని సైలెంట్ ఆస్పిరేషన్ అంటాం. కాబట్టి పొలమారడం తగ్గిందంటే రెండు అర్థాలుండొచ్చు: మింగడం బాగుపడింది, లేదా కాపలాదారు నిద్రపోయాడు. ఇంట్లో కూర్చుని ఈ రెండింటికీ తేడా చెప్పడం కష్టం. స్టిక్కర్లూ చెప్పలేవు.

ఇంట్లో గమనించగలిగినవి మాత్రం ఉన్నాయి. మింగాక ‘ఆ...’ అనమంటే గొంతు తడిగా, గరగరగా వస్తోందా? సాయంత్రాలు కొద్దిగా జ్వరం తగులుతోందా? కఫం పెరిగిందా? బరువు తగ్గుతున్నారా? వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పండి. కొవిడ్ తర్వాత ప్రతి ఇంట్లోనూ వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది కదా, అన్నం పెడుతూ దాన్ని చూస్తున్నామని చాలామంది చెబుతారు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారడాన్ని కనిపెట్టడానికి దాన్ని నమ్మొచ్చని పరిశోధనల్లో తేలలేదు. అంకె 97 ఉందని ధైర్యపడి ఇంకో ముద్ద పెట్టకండి.

కరెంట్ సంగతి

ఇక్కడ మూడు వేర్వేరు పనులు ఒకేలాంటి స్టిక్కర్లతో జరుగుతాయి, అందుకే గందరగోళం.

మొదటిది పైన చెప్పిన సర్ఫేస్ ఈఎంజీ. ఇది వినడం మాత్రమే చేస్తుంది. మీ నాన్నగారి ఒంట్లోకి ఏమీ పంపదు.

రెండోది బయోఇంపెడెన్స్. ఇందులో గొంతుకు రెండు పక్కలా ఎలక్ట్రోడ్లు పెట్టి, మనిషికి తెలియనంత చిన్న ఆల్టర్నేటింగ్ కరెంట్ పంపుతారు. ఒక మిల్లీ ఆంపియర్ కంటే తక్కువ, సెకనుకు 50 వేల సార్లు ముందుకూ వెనక్కీ ఊగేలాంటిది. కండరం, రక్తం ఆ కరెంట్‌ను సులువుగా పోనిస్తాయి, గాలి పోనివ్వదు. గుటక వేసినప్పుడు గొంతుముడి పైకి లేచి, గాలి ఉన్న ఖాళీ మూసుకుపోతుంది, కణజాలం అమరిక మారుతుంది, దాంతో నిరోధం మారి గీత లోయలా దిగి మళ్లీ లేస్తుంది. బెర్లిన్‌లో ఒక బృందం ఈఎంజీనీ దీన్నీ కలిపి వాడింది: కండరం బిగిసిన సమయం ఒక గీతలో, గొంతుముడి నిజంగా కదిలిందా అన్నది ఇంకో గీతలో. ఈ జోడీ నాకు నచ్చుతుంది. రైతు గారి భాషలో చెప్పాలంటే, ఆంపియర్ ముల్లుతో పాటు పైపు అదురుతోందా అని చెయ్యిపెట్టి చూడటం. అయినా నీళ్లు కనిపించవు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఈ రకం టెస్టుకు ముందే చెప్పాలి.

మూడోది కండరానికి కరెంట్ పెట్టి బిగించే ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్. ఇది పరీక్ష కాదు, చికిత్స. ఇది పెడితే చురుక్కుమనడం, కండరం లాగడం తెలుస్తుంది. దీని వల్ల ఎంత లాభం అన్నదాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. మీ నాన్నగారికి చురుక్కుమనలేదంటే బహుశా మొదటిదే జరిగింది. ఏది చేశారో అక్కడ అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

వీటి చుట్టాలు ఇంకా ఉన్నాయి. 1957లో ఫాబ్ర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త స్వరతంత్రుల కదలిక కోసం చేసిన ఎలక్ట్రోగ్లాటోగ్రాఫ్, గొంతు మీద అదురును పట్టే చిన్న సెన్సర్లు. అదురునూ శబ్దాన్నీ కంప్యూటర్‌కు నేర్పించి, గుటకలో ఏం జరిగిందో చెప్పించాలని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో చాలా పని జరిగింది. ఆశ ఉంది. మీ నాన్నగారి ట్యూబ్ మాత్రం దాని కోసం ఆగలేదు కదా.

టెస్ట్ ఎలా చేశారన్నది ఫలితమంత ముఖ్యం

ఒక పెద్దావిడ గుర్తొస్తారు. ‘గుటక వేయండమ్మా’ అనగానే గీత లేచేది. ఆరుసార్లు అడిగితే ఆరుసార్లు లేచింది. పక్కనున్న కోడలు సంతోషపడిపోయింది. నాకెందుకో అనుమానం వచ్చి గొంతుముడి మీద వేలు పెట్టాను. అది కదలడం లేదు. ఆవిడ నన్ను మెప్పించడానికి నాలుకను అంగిలికి గట్టిగా నొక్కుతున్నారు, అంతే. నాలుక నొక్కినా, దవడ కదిపినా, మాట్లాడినా, దగ్గినా, తల వంచినా గీత లేస్తుంది. పక్కన చేసేవాళ్ల చెయ్యి, కన్ను లేకుండా వచ్చిన గీతను నేను గుటకగా లెక్కపెట్టను.

గడ్డం కూడా అడ్డమే. వెంట్రుకల మీద స్టిక్కరు నిలవదు. ఒకాయన తిరుపతి మొక్కుకు గడ్డం పెంచుతున్నారు, గీయనివ్వనన్నారు. బలవంతం చేయడం నాకిష్టం లేక, ఆయన్ని నేరుగా ఫీస్‌కు పంపాం. నిజం చెప్పాలంటే ఆయనకు అదే మేలైంది.

ఎంత నీటితో చేశారన్నది ఇంకో ప్రశ్న. చెంచా నీళ్లంటే సుమారు 5 మిల్లీలీటర్లు. మనం గ్లాసెత్తి తాగేటప్పుడు ఒక్కో గుక్క అంతకంటే చాలా పెద్దది. టర్కీలో ఎర్తెకిన్, ఆయన సహచరులు 1996లో ఒక సులువైన పద్ధతి ప్రచురించారు. గడ్డం కింద ఈఎంజీ, గొంతుముడి మీద కదలికను పట్టే సెన్సర్ పెట్టి 3, 5, 10, 15, 20 మిల్లీలీటర్ల నీళ్లు వరుసగా ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 20 మిల్లీలీటర్ల దాకా ఒక్క గుటకలో మింగేస్తారు. నరాల జబ్బులున్నవాళ్లు అంతకంటే తక్కువకే రెండు మూడు గుటకలుగా విడగొట్టుకుంటారు. 8 సెకన్ల లోపు రెండో గుటక పడితే దాన్ని విడగొట్టినట్టే లెక్క. ఎక్కడ విడగొట్టడం మొదలైందో అదే ఆ మనిషి హద్దు.

నా చేతిలో ఈ పద్ధతి బాగా పనికొచ్చేది పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి పొద్దున మాత్ర వేసుకోకముందు 5 మిల్లీలీటర్లకే మూడు గుటకలు పడేవి. మాత్ర పనిచేయడం మొదలయ్యాక 15 దాకా ఒక్క గుటకే. ఆయనే నోటుపుస్తకంలో గీతలు కొట్టి పట్టిక వేసుకున్నారు. దాంతో టిఫిన్ వేళ మార్చాం, అంతే. అందరికీ మాత్రతో ఇంత తేడా రాదు. ఈ నీళ్ల టెస్ట్ మాత్రం ఇంట్లో మీరు చేయకండి. మీ నాన్నగారి పరిస్థితిలో 20 మిల్లీలీటర్ల నీళ్లు చిన్న విషయం కాదు.

మరి ఈ మెషీన్ ఎందుకు?

కసరత్తుకు. ఈ మాట మీకు పరీక్ష గురించి అడిగినప్పుడు ఎవరూ చెప్పి ఉండరు. మింగడం కంటికి కనిపించని పని, అందుకే నేర్పడం కష్టం. ‘గట్టిగా మింగండి’ అంటే ఎంత గట్టిగా? ‘గొంతుముడిని పైన రెండు సెకన్లు ఆపండి’ అంటే ఎలా? స్క్రీన్ మీద గీత ఉంటే ఆ మాటలకు ఒక రూపం వస్తుంది. నేను ఒక అడ్డగీత పెడతాను, గుటకతో దాన్ని దాటాలి. ఇంకో రోజు, దాటి అక్కడే కాసేపు నిలబెట్టాలి. పైన చెప్పిన రైతు గారు మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చి, వాడు స్కోరు చెబుతుంటే, ముప్పై గుటకలు వేసి చెమటలు తుడుచుకునేవారు. దీనిమీద జరిగిన పరిశోధనలు చిన్నవే అయినా ఆశాజనకంగా ఉన్నాయి. మీ నాన్నగారికి ఆ సెంటర్‌లో ఈ తరహా సాధన చేయిస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి. దీనికీ ట్యూబ్ ఉండటం అడ్డు కాదు.

ఈ వారంలో చేయదగినవి

న్యూరాలజిస్టును కానీ ఈఎన్‌టీ వాళ్లను కానీ కలిసి ఫీస్ లేదా వీడియోఫ్లోరోస్కోపీ అడగండి. పెద్ద ఊళ్లలో ఈఎన్‌టీ దగ్గర ఉండే సన్నని ఎండోస్కోపే ఫీస్‌కూ వాడతారు, పక్కన మింగుడు సమస్యలు తెలిసిన థెరపిస్టు ఉండటం ముఖ్యం. ముక్కు ట్యూబ్ ఉండగానే ఫీస్ చేయొచ్చు, ముందుగా తీయాల్సిన పనిలేదు. థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడంలో మొహమాటం వద్దు. దగ్గరలో ఎవరూ లేకపోతే మాట, వినికిడి సమస్యల కోసం ఉన్న జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ వాళ్ల సికింద్రాబాద్ ప్రాంతీయ కేంద్రంలో వాకబు చేయండి, మీ దగ్గర్లో ఎవరున్నారో అక్కడ తెలిసే అవకాశం ఉంది.

మూడు నెలలుగా ముక్కు ట్యూబే ఉందన్నారు. నాలుగు వారాలకు మించి ట్యూబ్ అవసరమైతే పొట్ట మీద పెట్టే పెగ్ ట్యూబ్ గురించి మాట్లాడటం మామూలు పద్ధతి. ఆ మాట డాక్టరు ఎత్తకపోతే మీరే ఎత్తండి. పెగ్ అనగానే ‘ఇక నోటితో తినరు’ అని ఇళ్లల్లో ఏడుపులు మొదలవుతాయి. పెగ్ ఉన్నా మింగే సాధన ఆగదు, నోటితో సరిపడా తినగలిగిన రోజున తీసేస్తారు. ముక్కులో పైపు లేకపోతే గొంతుకు, మనిషికి రెండింటికీ హాయి.

నోటి శుభ్రత మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. నోటితో తినడం లేదు కదా అని పళ్లు తోమడం మానేస్తారు. నోట్లో పేరుకున్న సూక్ష్మక్రిములు ఉమ్ముతో కలిసి లోపలికి జారితే న్యుమోనియా ముప్పు పెరుగుతుంది. రోజుకు రెండుసార్లు, కూర్చోబెట్టి, మెత్తటి బ్రష్‌తో, నీళ్లు మింగనివ్వకుండా.

ఫీస్ చేశాక ఒకవేళ ‘పల్చటివి వద్దు, చిక్కటివి పెట్టొచ్చు’ అంటే, ఎంత చిక్కదనమో అంకెలో చెప్పమనండి. దానికి ఇడ్సి (IDDSI) అని 0 నుంచి 7 దాకా అంతర్జాతీయ కొలత ఉంది. పల్చటి ద్రవాలకు 10 మిల్లీలీటర్ల సిరంజితో ఇంట్లోనే కొలవొచ్చు: 10 సెకన్లు కారనిచ్చి లోపల ఎంత మిగిలిందో చూడటం. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే ఒకటో స్థాయి, 4 నుంచి 8 మిగిలితే రెండు, 8 దాటి మిగిలినా కొంచెమైనా కారితే మూడు. సిరంజి ఏ కంపెనీదైనా పరవాలేదనుకోకండి, సున్నా గీత నుంచి పది గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, స్కేలుతో కొలుచుకోండి. రాగి జావతో ఒక చిక్కుంది: వేడిగా ఉన్నప్పుడు పల్చగా ఉండి చల్లారేసరికి గడ్డకడుతుంది. పైగా నోట్లో పెట్టిన చెంచానే మళ్లీ గిన్నెలో ముంచితే ఉమ్ము తగిలి కాసేపటికి పల్చబడుతుంది. రెండు గిన్నెలు, రెండు చెంచాలు పెట్టుకోండి.

ఆ రిపోర్టులో ఎన్ని మిల్లీలీటర్లతో చేశారో, గుటకకు ఎన్ని సెకన్లు పట్టిందో, ఎన్నిసార్లు మింగించారో రాసి ఉంటే, నాన్నగారి పేరు, ఫోన్ నంబరు కొట్టేసి ఫొటో ఇక్కడ పెట్టండి. ఆదివారం కూర్చుని చూస్తాను.